ముద్దతు తీరేది ఏనాడు?

ఇల్లు తాకట్టు పెట్టిన మనిషిని ఒక ప్రశ్న అడిగి చూడండి. "బాకీ తీరకపోతే నీ ఇల్లు నీది కాకుండా పోయేది ఏ రోజున?" కాగితంలో వ్రాసుకొన్న గడువునాడు అంటాడు ఒకాయన. నోటీసు వచ్చిననాడు అంటాడు మరొకాయన. తలుపుకు కాగితం అంటించిననాడని ఒకరు, వేలం పాట ముగిసిననాడని ఇంకొకరు. ఇందులో సరైన జవాబు తెలియకనే కొందరు ఇంకా వ్యవధి వుండగానే ఇల్లు వదులుకొని పోతారు. మరికొందరు వ్యవధి దాటినాక డబ్బు మూటకట్టుకొని పరుగెత్తుతారు. ఇద్దరి నష్టమూ ఒక్కటే. ఆ రోజు మన ప్రాంతంలో ఎప్పుడూ ఒకచోట నిలిచి వుండలేదు. నూటయాభై సంవత్సరాలుగా ముందుకూ వెనక్కూ జరుగుతూ వచ్చింది. ఎట్లా జరిగిందో చెప్పుకొంటే, ఈనాడది ఎక్కడ వున్నదో బోధపడుతుంది.

పాతకాలపు మాటతో మొదలుపెడదాం. ముద్దతు క్రయం అనే మాట మీ పెద్దలు వినే వుంటారు. పాత లా పుస్తకాలలో కూడా ఆ తెలుగు మాట అట్లాగే కనిపిస్తుంది. షావుకారు వద్ద అప్పు తీసుకొని, "ఫలానా ముద్దతు లోపల సొమ్ము చెల్లిస్తే నా ఇల్లు నాకు, చెల్లించకపోతే ఈ కాగితమే మీకు శుద్ధ క్రయం" అని వ్రాసి ఇవ్వటం. ఐదువందల ఇంటిని రెండు వందలకు పెట్టివున్నా సరే, ముద్దతు మరునాడు ఆ ఇల్లు షావుకారుది. మిగిలిన మూడు వందల మాట అడిగే దిక్కు లేదు. బెంగాలులో 1806లోనే ఒక రెగ్యులేషను చేసి, నోటీసు ఇచ్చిన తరువాత బాకీదారుకు ఒక సంవత్సరం వ్యవధి ఇచ్చారు. మన మద్రాసు రాజధానిలో అటువంటిది లేదు.

1858 మొదలు మద్రాసు సదర్ అదాలతు న్యాయమూర్తులు కొంత దయగా చూడనారంభించారు. తాకట్టు తాకట్టే గాని క్రయం కాదు, ముద్దతు దాటినా సొమ్ము తెచ్చినవాడికి ఇల్లు విడిపించుకోనివ్వాలి అన్నారు. ఇంగ్లండులో వారి కోర్టులు ఏనాటినుంచో అనుసరిస్తున్న న్యాయమే అది. కాని లండనులోని ప్రివీ కౌన్సిలు 1870లో పట్టాభిరామయ్యరు కేసులో దీన్ని కొట్టివేసింది. ఈ దేశంలో ముద్దతు క్రయానికి వ్రాసుకొన్న మాటే చెల్లుతుంది, తీర్పులతో దాన్ని మార్చరాదు అని. 1875లో మరొక మద్రాసు కేసులోనూ ఆ మాటకే కట్టుబడి, ఇది శాసనం చేసేవారు చక్కబెట్టవలసిన పని అని సూచించింది. తమ దేశంలో బాకీదారుకు ఇచ్చే న్యాయాన్ని మన బాకీదారుకు ఇవ్వటానికి వారికి చట్టం కావలసివచ్చింది!

ఆ చట్టం 1882లో వచ్చింది. ఆస్తి బదలాయింపు చట్టం అంటాము. ఆ ఏడాది జూలై 1 నుంచి అమలు. అందులో 60వ సెక్షను ప్రతి రైతుకూ తెలియవలసినది. బాకీ గడువు వచ్చిన తరువాత ఎప్పుడైనా సరే సొమ్ము చెల్లించి ఆస్తి విడిపించుకొనే హక్కు బాకీదారుకు ఉంటుంది. ఉభయుల చర్యవల్లనో కోర్టు డిక్రీవల్లనో తప్ప ఆ హక్కు పోదు. దీనినే విమోచన హక్కు అంటారు. ఇంతకుముందు కాగితంలోని తేదీ ఇంటిని మింగేది. ఇప్పుడు ఆ తేదీ దాటితే ఋణదాతకు దావా వేసే హక్కు మాత్రమే వస్తుంది, ఇల్లు రాదు.

దావాలోనూ ఒక్కపెట్టున పని జరుగదు. మొదట ప్రాథమిక డిక్రీ ఇస్తారు. అందులో బాకీ ఎంతో తేల్చి, చెల్లించటానికి ఆరు నెలలకు మించకుండా వ్యవధి పెడతారు. అప్పటికీ చెల్లించకపోతే తుది డిక్రీ, ఆ పైన వేలం. ఇక్కడ చాలామంది చేతులెత్తేస్తారు. సివిలు ప్రొసీజరు కోడు 34వ ఆర్డరు ప్రకారం, పాట అయిపోయినా కోర్టు దాన్ని ఖాయపరచేలోగా డిక్రీ సొమ్మూ, పాటదారుకు పాట సొమ్ముమీద నూటికి 5 చొప్పున అదనమూ కోర్టులో కట్టినట్లయితే ఇల్లు నిలుస్తుంది. పాట మోసంతో గాని పెద్ద లోపంతో గాని జరిగి, దానివల్ల గట్టి నష్టం కలిగితే రద్దు చేయమని అడిగే దారి వేరే వున్నది. అయితే ఈ రెండు పనులకూ రోజుల లెక్క వుంటుంది గనుక, పాట అయిన మరునాడే వకీలును కలుసుకోవాలి.

భోగ్యం పెట్టినవారి సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ఆస్తి ఋణదాత స్వాధీనంలో వుండి, దాని ఫలసాయంతో బాకీ తీరే ఏర్పాటు అది. ముప్పయ్యేళ్లు దాటిందిగదా, ఇక మాదేనని స్వాధీనంలో వున్నవారు అంటూ వుంటారు. 2014లో సుప్రీంకోర్టు అది సరికాదన్నది. అటువంటి తాకట్టులో, తాకట్టు పెట్టిన తేదీనుంచి కాలం గడిచినంత మాత్రాన విమోచన హక్కు పోదు.

అయితే షావుకారులు ఊరుకున్నారా? తాకట్టు అని వ్రాస్తే కోర్టు చుట్టూ తిరగాలి. అంచేత శుద్ధ క్రయమే వ్రాయించుకొని, "సొమ్ము తెస్తే తిరిగి వ్రాసి ఇస్తాను" అని విడిగా మరొక కాగితం ఇచ్చే పద్ధతి పెరిగింది. ఇది తాకట్టా, అమ్మకమా? దీనిమీద దావాలు ఏళ్ల తరబడి నడిచాయి. 1929లో చట్టాన్ని సవరించి 58వ సెక్షనులో ఒక షరతు చేర్చారు. తిరిగి ఇచ్చే మాట క్రయ దస్తావేజులోనే వుంటే తప్ప దాన్ని తాకట్టుగా ఎంచటానికి వీలులేదు. వేరే కాగితంలో వుంటే అది అమ్మకం క్రిందకే వస్తుంది. తిరిగి వ్రాయించుకోవటానికి ఆ రెండో కాగితం మీద దావా వేయవచ్చును గాని, అది విమోచన హక్కంత గట్టిది కాదు, గడువు ఒక్కరోజు తప్పినా చిక్కే.

ఈ సవరణ దావాలను తగ్గించాలని చేసినదే. నా మట్టుకు, దానివల్ల ఎక్కువ నష్టపోయింది చదువురాని బాకీదారు అనిపిస్తుంది. ఈనాటికీ మన పల్లెల్లో కూతురి పెళ్లికో ఆసుపత్రికో చేబదులు తెచ్చుకొంటూ, "నామకార్థం" అని ఇంటిని రిజిస్టరు క్రయం చేసి ఇచ్చేవారు వున్నారు. నామకార్థం అనే మాట రిజిస్ట్రారు పుస్తకంలో వుండదు. విస్తరణ కార్యకర్తలు ఊళ్లలో తిరిగేటప్పుడు ఎరువులు, విత్తనాలతోపాటు ఈ ఒక్క మాట చెప్పగలిగితే ఎన్నో ఇళ్లు నిలుస్తవి. అప్పుకు తాకట్టు పత్రమే వ్రాయండి. క్రయమే వ్రాయక తప్పకపోతే, తిరిగి ఇచ్చే షరతు అదే దస్తావేజులో వ్రాయించండి.

ఇప్పటివరకు తాకట్టు పెట్టిన ఇంటి సంగతి. తాకట్టు పెట్టకుండా ఒట్టి నోటుమీద చేసిన అప్పుకు ఇల్లు పోతుందా? దీనికి వేరే చరిత్ర వున్నది. 1875 మే నెలలో పూనా జిల్లా సూపా గ్రామంలో రైతులు షావుకారుల ఇళ్లమీద పడి అప్పు పత్రాలు తగులబెట్టారు. ఆ అలజడి చుట్టుప్రక్కల గ్రామాలకు ప్రాకింది. దాని ఫలితమే 1879 నాటి దక్కను వ్యవసాయదారుల ఉపశమన చట్టం. ప్రత్యేకించి తాకట్టు పెట్టితే తప్ప రైతు స్థిరాస్తిని డిక్రీ క్రింద జప్తు చేసి అమ్మరాదని అందులో ఒక నిబంధన. అది బొంబాయి వైపు చట్టం, మనకు వర్తించదు. కాని ఆ ఆలోచనలో కొంత 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులో మనకూ దక్కింది. 60వ సెక్షను ప్రకారం వ్యవసాయదారుడు నివసించే సొంత ఇంటినీ, దాని స్థలాన్నీ, ఇంటి వాడకానికి అవసరమైన ఆవరణనూ సొమ్ము డిక్రీ క్రింద జప్తు చేయరాదు. 1976లో ఈ రక్షణను కూలివారికీ, ఇంటిపనివారికీ కూడా ఇచ్చారు. "ఈ రక్షణ నాకు వద్దు" అని ఎవరిచేతనైనా వ్రాయించుకొన్నా ఆ వ్రాత చెల్లదని కూడా అప్పుడే చేర్చారు.

సొంతంగా సేద్యంమీద బ్రతికేవాడికే ఇది. పట్నంలో ఉద్యోగం చేసుకొంటూ పల్లెలో పొలం కౌలుకిచ్చినవారికి కోర్టులు సాధారణంగా దీన్ని వర్తింపజేయవు. అసలు కిటుకు మరొకటి వున్నది. ఇంటిని తాకట్టు పెట్టి సంతకం చేసిన నిమిషాన ఆ అప్పువరకు ఈ రక్షణ మనమే వదులుకొన్నట్లు. తాకట్టు డిక్రీలో జప్తుతో పనిలేదు, నేరుగా వేలమే. అందుచేత చిన్న అప్పుకు ఇల్లు తాకట్టు అడిగితే, అడిగేవాడు ఎందుకు అడుగుతున్నాడో గ్రహించండి.

1930 ప్రాంతం వచ్చేసరికి ఈ వ్యవధులన్నీ ఉండి కూడా లేనట్లయినవి. ప్రపంచమంతటా మాంద్యం వచ్చి ధాన్యం ధర సగానికి పడిపోయింది. అప్పు మాత్రం రూపాయలలో అట్లాగే వున్నది. అంటే పుట్టెడు ధాన్యంతో తీరవలసిన బాకీకి రెండు పుట్లు కొలవాలి. ఆరు నెలలు కాదు, ఆరేళ్లు వ్యవధి ఇచ్చినా తీర్చలేని స్థితి. కృష్ణా, గోదావరి డెల్టాలలోనే ఇట్లా వుంటే మెట్ట ప్రాంతాల మాట చెప్పనక్కరలేదు. ఆచార్య రంగా మొదలైనవారు నడిపిన రైతు ఉద్యమంలో అప్పులనుంచి విముక్తి పెద్ద కోరిక అయింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. మరుసటి ఏడు, అంటే 1938 మార్చి 22న మద్రాసు వ్యవసాయదారుల ఉపశమన చట్టం అమలులోకి వచ్చింది. నాలుగో నంబరు చట్టం అని పెద్దలు అనేది దీన్నే.

దీని లెక్క వినదగినది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుమీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ అంతా రద్దు. అసలు మాత్రం మిగులుతుంది. అదిగాక, అప్పటిదాకా కట్టినదంతా కలిపి అసలుకు రెండింతలు అయితే బాకీ పూర్తిగా చెల్లు. రెండింతలకు తక్కువైతే, ఆ తక్కువపడిన మొత్తమో, మిగిలిన అసలో, ఏది చిన్నదైతే అది ఇస్తే చాలు. ఒక రైతు 1915లో 600 రూపాయలు తెచ్చి, ఇరవైయేళ్లలో వడ్డీకిందే 900 కట్టాడనుకుందాం. అసలు కదలలేదు. 1,200లో 900 పోగా 300 ఇస్తే అతని ఇంటి పత్రం అతని చేతికి వస్తుంది. 1932 తరువాతి అప్పులకు, చట్టం వచ్చే నాటివరకు వడ్డీని నూటికి 5కు తగ్గించారు. చట్టం వచ్చిన తరువాత చేసే అప్పులకు ఆరుంపావు, బారువడ్డీ మాత్రమే.

మన ప్రశ్నకు సంబంధించినది ఇంకొకటి వున్నది. 1937 అక్టోబరు 1 తరువాత అప్పటికే వేలంలో పోయిన ఆస్తులకు కూడా, 90 రోజులలోగా దరఖాస్తు పెట్టుకొంటే ఆ అమ్మకాలను రద్దు చేయించుకొనే వీలు కల్పించారు. మూసిన తలుపును చట్టమే మళ్లీ తెరిచిన సందర్భం ఇది. అయినా 90 రోజులే. కబురు అందనివారికి ఆ తలుపు తెరుచుకొన్నదీ తెలియదు, మూసుకొన్నదీ తెలియదు.

ఆదాయపు పన్ను కట్టేవారికీ పెద్ద జమీందారులకూ ఇది వర్తించలేదు. సహకార సంఘాల బాకీలను కూడా తగ్గించలేదు. తెలంగాణం అప్పుడు నిజాం ఏలుబడిలో వున్నది గనుక అక్కడ ఈ చట్టం లేదు. తరువాత 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతిపనివారల ప్రైవేటు అప్పులను రద్దుచేస్తూ వేరే శాసనం చేసింది.

ఇక మన కాలానికి వద్దాం. ఈనాడు ఇంటిమీద పెద్ద అప్పు ఇచ్చేది బ్యాంకులూ, గృహఋణ కంపెనీలూ. దస్తావేజులు తీసుకొని బీరువాలో పెట్టుకొంటారు. ఆ దస్తావేజులు అప్పగించటమే చట్టంలో ఒకరకం తాకట్టు. 2002లో సర్ఫేసీ చట్టం వచ్చి, నూరేళ్లుగా వస్తున్న వరుసను తిరగవేసింది. 1882 నుంచి ఋణదాత కోర్టుకు వెళ్లేవాడు, బాకీదారు ఇంట్లో కూర్చొని సమాధానం చెప్పుకొనేవాడు. ఇప్పుడు బ్యాంకు కోర్టుకు పోకుండానే ఇల్లు స్వాధీనం చేసికొని వేలం వేయగలదు. అభ్యంతరం వున్నవాడే ట్రిబ్యునలుకు వెళ్లాలి.

ఇందులో ఒక విచిత్రం చూడండి. 1908 కోడు రైతు ఇంటిని కాపాడి పొలాన్ని వదిలేసింది. 2002 చట్టం వ్యవసాయ భూమిని వదిలేసి ఇంటిని పట్టుకొన్నది. ఈ చట్టం క్రింద పొలాన్ని వేలం వేయరాదు. కాని అడంగల్‌లో, పహాణీలో వ్యవసాయ భూమి అని వుంటే చాలదు, నిజంగా సేద్యం జరుగుతూ వుండాలని 2018లో ఒక హోటలు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొత్తం బాకీ లక్ష రూపాయలకు మించకపోయినా, అసలూ వడ్డీలలో మిగిలిన బాకీ నూటికి 20కి లోపు వున్నా ఈ చట్టం ప్రయోగించరాదు.

వరుస ఈ విధంగా వుంటుంది. వాయిదా బాకీ 90 రోజులు దాటితే ఖాతాను మొండి బాకీగా వ్రాస్తారు. తరువాత మొత్తం బాకీ కట్టమని 60 రోజుల నోటీసు. ఈ అరవై రోజులూ బంగారం వంటివి. నోటీసులో లెక్క తప్పయినా, కట్టిన వాయిదాలు జమ చేయకపోయినా, వ్రాతమూలకంగా అభ్యంతరం పంపండి, రసీదు దాచుకోండి. అభ్యంతరం అందిన 15 రోజులలో బ్యాంకు కారణాలతో జవాబు ఇవ్వాలి. బకాయిపడ్డ వాయిదాలూ వడ్డీ పూర్తిగా కట్టివేస్తే ఖాతాను మళ్లీ మామూలు ఖాతాగా మార్చే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనలలో వున్నది, అదీ అడగండి. రాజీ బేరం కూడా అడగవచ్చును. కాని అది బ్యాంకు ఇష్టం, బాకీదారు హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "మేనేజరుగారు చూద్దాం అన్నారండీ" అని కూర్చున్నంత మాత్రాన రోజుల లెక్క ఆగదు.

అరవై రోజులు దాటితే తలుపుకు స్వాధీన నోటీసు అంటిస్తారు, పత్రికలలో వేస్తారు. అంటించినంతనే ఇల్లు పోయినట్లు కాదు. ఆ చర్య జరిగిన 45 రోజులలోగా ఋణ వసూలు ట్రిబ్యునలులో దరఖాస్తు వేయవచ్చు. డి.ఆర్.టి. అంటారు. మనకు హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ వున్నవి. మొదట ఈ చట్టంలో, బాకీలో నూటికి 75 ముందు కడితే గాని ట్రిబ్యునలు గుమ్మం ఎక్కనివ్వని నిబంధన వుండేది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అందువల్ల ఈనాడు ఆ దరఖాస్తుకు ముందు డబ్బు కట్టనక్కరలేదు, ఫీజు చాలు. పైన అప్పీలుకు పోతే మాత్రం సగం కట్టాలి, పావువంతు వరకు తగ్గించవచ్చు. మునసబు కోర్టులో ఇంజంక్షను వేద్దామని కొందరు నెలలు పోగొట్టుకొంటారు. ఈ వ్యవహారంలో సివిలు కోర్టుకు అధికారం లేదని చట్టంలోనే వున్నది. నేరుగా హైకోర్టుకు పోవటాన్ని కూడా 2010 నుంచి సుప్రీంకోర్టు నిరుత్సాహపరుస్తూనే వచ్చింది.

మరి ఇల్లు విడిపించుకొనే హక్కు తీరేది ఏనాడు? మొదట ఈ చట్టంలో కూడా అమ్మకం జరిగేవరకూ సొమ్ము కట్టే వీలుండేది. 2016లో సవరించి, 13వ సెక్షను 8వ ఉపవిభాగంలో ఆ రోజును వెనక్కు జరిపారు. వేలం నోటీసు ప్రచురించే తేదీకి ముందే మొత్తం బాకీ, ఖర్చులతో సహా, బ్యాంకు ముందు పెట్టాలి. 2023లో సుప్రీంకోర్టు సెలిర్ కేసులో, ప్రచురణ జరిగితే విమోచన హక్కు తీరినట్లేనని తీర్పు చెప్పింది. కోర్టు వేలంలో పాట తరువాత కూడా వ్యవధి చూసిన మనవారు, బ్యాంకు వేలంలో పాటకు ముందే వ్యవధి ముగుస్తుందని ఊహించరు. పాత అనుభవంతో తాతగారు "పాట కానియ్యి, చూద్దాం" అంటారు. ఆయన చెప్పినది ఆయన కాలానికి నిజమే.

అందుచేత బ్యాంకు కాగితం ఏది వచ్చినా తేదీ చూసి, కవరుతో సహా భద్రం చేయండి. తీసుకోకుండా తిప్పి పంపితే రోజులు ఆగవు, సంగతి తెలియకుండా పోతుంది, అంతే. ఖర్చుకు వెరవనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం క్రింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితి లోపల ఉచితంగా వకీలును ఇస్తారు. మండల, జిల్లా న్యాయసేవల సంస్థలు కోర్టు ఆవరణలోనే వుంటవి. విస్తరణ కార్యకర్తలు ఆ గది ఎక్కడో ఒకసారి చూసి వస్తే మంచిది, ఊళ్లో మొదట అడిగేది మిమ్మల్నే.

వేలమే తప్పకపోతే, వచ్చిన సొమ్ములో బాకీ, ఖర్చులు పోను మిగిలినది ఇంటివారిదే, లెక్క అడిగి తీసుకోండి. ముద్దతు క్రయం రోజులలో ఆ మిగులు షావుకారు పెట్టెలోకి పోయేది. బాకీ మొత్తం తీర్చుకొన్నవారు దస్తావేజులు వెంటనే అడగండి. పూర్తిగా చెల్లించిన 30 రోజులలోగా ఇవ్వాలనీ, బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇచ్చుకోవాలనీ రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. తాకట్టు రిజిస్టరు అయివుంటే చెల్లు పత్రం కూడా రిజిస్టరు చేయించి, నెల పోయాక ఒక ఈ.సీ. తీయించి చూడండి, తాకట్టు పద్దు ప్రక్కన చెల్లు పద్దు పడిందో లేదో.